చలిజ్వరపు గుట్టు విప్పిన సర్ రొనాల్డ్ రాస్

పరహితము కొరకు శరీరమునే అర్పించిన మహనీయుల కథలు మన పురాణేతిహాసములందు అనేకములు కలవు. శిబి చక్రవర్తి శరణుజొచ్చిన పావురమును కాచుటకై తన తొడకండను కోసి త్రాసులో నుంచెను. దధీచి మహర్షి వృత్రాసుర సంహారమునకై తన ఎముకలను దేవతలకు దానమిచ్చెను. జీమూతవాహనుడు శంఖచూడుడను నాగకుమారునికి మారుగా గరుత్మంతునికి తన దేహమును ఆహారముగా సమర్పించెను. ఈ కథలను హరికథలలో వినియు, పుస్తకములలో చదివియు పరవశించు మనకు, తెలుగుదేశముననే, సికిందరాబాదు దండులో, 1897 వ సంవత్సరమున ఒక రోగి తన రక్తమును దోమలకిచ్చి లోకమునకు మహోపకారము చేసెనను సంగతి అంతగా తెలియదు. ఆ రోగి పేరు హుస్సేన్ ఖాన్. ఆ దోమలను పెంచి, చీల్చి, సూక్ష్మదర్శినిలో పరీక్షించిన వైద్యుడు సర్ రొనాల్డ్ రాస్. ఆ వైద్యుని చరిత్రము చదువునపుడు ఆ రోగిని మరచుట న్యాయము కాదు.

చలిజ్వరము ఎంత భయంకరమైనదో పూర్వపు తరములవారికి చెప్పనక్కరలేదు. మొదట ఎముకలు కొరుకు చలి, పిమ్మట నిప్పువంటి వేడి, తుదకు కట్టుబట్టలు తడియునంత చెమట, ఈ మూడవస్థలును రోజు విడిచి రోజు వచ్చి మనుష్యుని పీల్చి పిప్పిచేయును. జ్వరము ఏండ్ల తరబడి విడువనిచో కడుపులో బల్ల పెరుగును. మన్యపు అడవులకు పోయినవారు దీనితో తిరిగివచ్చుట పరిపాటి యగుటచే దీనిని మన్యపు జ్వరమని కూడ పిలిచెడివారు. చిత్తడి నేలలనుండి లేచు చెడుగాలియే దీనికి కారణమని పాశ్చాత్యులు నమ్మిరి. ఇటలీ భాషలో మలేరియా అను మాటకు చెడుగాలి యనియే అర్థము. సింకోనా చెట్టు బెరడు నుండి తీసిన క్వినైను దీనిని కుదుర్చునని వైద్యులెరుగుదురు గాని, ఇది ఒకరినుండి యొకరికి ఎట్లు సోకుచున్నదో ఎవ్వరును ఎరుగరు. 1880 వ సంవత్సరమున అల్జీరియా దేశమందు లవరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగుల రక్తములో ఈ జ్వరమునకు మూలమైన సూక్ష్మజీవిని కనుగొనెను. ఆ జీవి రక్తములోనికి ఏ దారిన వచ్చెనను ప్రశ్న మాత్రము అట్లే మిగిలెను.

రొనాల్డ్ రాస్ 1857 వ సంవత్సరము మే నెల 13 వ తేదీన హిమాలయ ప్రాంతమందలి ఆల్మోరాలో జన్మించెను. అప్పటికి మూడు దినముల ముందే మీరటులో సిపాయిల తిరుగుబాటు మొదలైనది. తండ్రి క్యాంబెల్ రాస్ ఆంగ్లేయ సేనలో అధికారి, తరువాత సేనానాయకుడయ్యెను. ఆ దంపతులకు పదిమంది సంతానము; వారిలో రొనాల్డ్ జ్యేష్ఠుడు. ఎనిమిదవ యేట ఆ బాలుని విద్యకై ఇంగ్లండునకు పంపిరి. అతనికి చిత్రలేఖనమన్నను, కవిత్వమన్నను, సంగీతమన్నను, గణితమన్నను మిక్కిలి ప్రీతి. వైద్యము చదువవలెనన్న కోరిక అతనికి లేదు. కాని తండ్రి మాట కాదనలేక 1874 లో లండనునందలి సెయింట్ బార్తోలోమ్యూ వైద్యశాలలో చేరెను. చదువునందు శ్రద్ధ చాలక ఒక పరీక్షలో తప్పెను. కొంతకాలము ఓడలలో వైద్యుడుగా పనిచేసి, తుదకు ఆ పరీక్షలో కూడ ఉత్తీర్ణుడై, 1881 లో భారతీయ వైద్యశాఖలో ప్రవేశించి మద్రాసు రాజధానికి నియమింపబడెను.

తరువాతి పదేండ్లును రాస్ ఒకచోట నిలువలేదు. మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాను దీవులు, ఎచ్చట పటాలమున్న అచ్చటికి పోవుటయే అతని ఉద్యోగము. తీరిక సమయమున గణితగ్రంథములు చదువుచు, పద్యములును నవలలును వ్రాయుచు కాలము గడపెను. 1883 లో బెంగుళూరునందు అతడు నివసించిన బంగళాలో దోమలు విపరీతముగా నుండెను. కిటికీ ప్రక్కన నిలువ నీరున్న పీపాలో దోమపిల్లలు కదలుచుండుట చూచి దానిని బోర్లించగా దోమలు తగ్గెను. తక్కిన బంగళాలలో కూడ అట్లే చేయవచ్చునని పై అధికారికి చెప్పగా, సృష్టిలో నున్నదానిని మనుష్యుడు సహింపవలసినదే యని ఆ అధికారి తోసివేసెను. దోమకును నిలువనీటికిని గల సంబంధము నాడే రాస్ మనస్సున నాటుకొనెను.

1888 లో సెలవుపై స్వదేశమునకు పోయి ప్రజారోగ్య శాస్త్రమందు పట్టము పొందెను. 1889 లో రోజా బ్లాక్సామ్ అను కన్యను వివాహమాడి తిరిగి ఇండియాకు వచ్చెను. 1892 నుండి చలిజ్వరముపై అతని దృష్టి మరలెను. అయితే లవరాన్ కనుగొన్న జీవి ఎంత వెదకినను అతనికి కనబడలేదు. అట్టిది అసలే లేదని కూడ వ్రాసెను. 1894 లో మరల లండను వెళ్ళినపుడు ప్యాట్రిక్ మ్యాన్సన్ అను ప్రసిద్ధ వైద్యుడు సూక్ష్మదర్శినిలో ఆ జీవిని అతనికి చూపి సందేహము తీర్చెను.

ఈ మ్యాన్సన్ పూర్వము చీనాదేశమందు పనిచేసినవాడు. బోదకాలు వ్యాధిని కలిగించు సన్నని పురుగులు దోమ కడుపులో పెరుగునని 1877 లో కనుగొన్నది ఆయనయే. ఆ పరిశోధనకై హిన్ లో అను ఆయన సేవకుడు, రక్తమందు ఆ పురుగులున్నవాడు, దోమలు నిండిన గదిలో రాత్రి నిద్రించెను. ఆ దోమలను మరునాడు పట్టి మ్యాన్సన్ పరీక్షించెను. చలిజ్వరమును గూడ దోమయే మోయుచుండవచ్చునని మ్యాన్సన్ రాస్‌తో చెప్పెను. కాని ఆయన ఊహ సగము మాత్రమే సరియైనది. దోమ గ్రుడ్లుపెట్టి నీటిలో చచ్చుననియు, దానిలోని జ్వరబీజములు ఆ నీటిలో కలియుననియు, ఆ నీటిని త్రాగినవారికి జ్వరము వచ్చుననియు ఆయన తలచెను. గురువు చూపిన ఈ దారిలో రాస్ రెండేండ్లకు పైగా నడువవలసివచ్చెను.

1895 వ సంవత్సరము వసంతకాలమున రాస్ సికిందరాబాదు దండులోని పటాలమునకు వచ్చెను. అచ్చట అతనికి కలిగిన తొలి కష్టము మనుష్యులు దొరకకపోవుట. చలిజ్వరపు రోగుల వ్రేలు సూదితో పొడిచి రక్తపు బొట్టు తీయవలెను. బజారులోని పేదలకు ఒక్క పోటుకు రూపాయలు ఇత్తునన్నను వారు దగ్గరకు రాలేదు. దొర రక్తముతో ఏదో క్షుద్రవిద్య చేయుచున్నాడని భయపడిరి. కూలివానికి దినమంతయు కష్టించినను అణాలు మాత్రమే దొరకు కాలమున, రూపాయి చూపినను వారు రాలేదన్నచో ఆ భయము ఎంతటిదో ఊహింపవచ్చును. వారిని మూఢులనుట సులభము. కాని తన రక్తము దేనికో, దానిని తీసినవాడు ఏమిచేయునో తెలియని మనుష్యుడు చేయి వెనుకకు తీసికొనుట సహజమే కదా!

తుదకు వైద్యశాలలోని రోగులే అతనికి ఆధారమైరి. అందు అబ్దుల్ ఖాదర్ అను రోగి మొదటివాడు. అతనిని దోమతెరలో పరుండబెట్టి దోమలను విడిచిరి. అవి కుట్టలేదు. తెరను నీటితో తడిపి చల్లబరచిన తరువాతనే అవి రక్తము త్రాగసాగెను. ఆ దోమలను దినములు, వారములు కోసి చూచినను రాస్‌కు ఏమియు దొరకలేదు. దోమలలో జాతులు అనేకములనియు, వానిలో కొన్ని మాత్రమే ఈ జ్వరమును మోయగలవనియు అతనికి అప్పటికి తెలియదు.

మ్యాన్సన్ ఊహను పరీక్షించుటకై జ్వరపీడితుల రక్తము త్రాగిన దోమలు చచ్చిన నీటిని త్రాగు పరీక్షయు జరిగెను. లచ్మన్ అను ఆరోగ్యవంతుడైన యువకుడు ఆ నీటిని త్రాగెను. కొన్ని దినములకు అతనికి జ్వరము వచ్చెను. రాస్ సంతోషించెను, మార్గము దొరకినదని తలచెను. కాని అదే నీటిని త్రాగిన ఇతరులకు ఏమియు కాలేదు. లచ్మన్‌కు వచ్చినది ఆ నీటివలన కాదని రాస్ తరువాత గ్రహించెను. 1895 లోనే కలరా నివారణ పనిపై బెంగుళూరునకు బదిలీయైనపుడు, అచ్చటి బౌరింగ్ వైద్యశాలలో ఉపవైద్యుడుగానున్న అప్పయ్య (ఆంగ్ల పత్రములలో అప్పియా యని కానవచ్చును) జ్వరరోగులను కుట్టిన దోమలచేత తన్ను తాను కుట్టించుకొనెను. ఆయనకు జ్వరము రాలేదు. దోమలు ఆ జాతివి కాకపోవుటయే దానికి హేతువు.

ఈ ఇరువురికిని గల భేదమును గమనింపవలెను. అప్పయ్య వైద్యుడు, చలిజ్వరమేమో, సూక్ష్మజీవి యేమో చదివినవాడు, తాను చేయుచున్న పనిలోని అపాయమెరిగి ముందుకు వచ్చినవాడు. లచ్మన్‌కు అట్టి చదువు లేదు. ఆరోగ్యవంతుని శరీరమునకు రోగమంటించి చూచు పరీక్షలో ఇరువురును పాల్గొనిరి గాని, తెలివిడి ఇరువురికిని సమానము కాదు. ఆ కాలమున పరీక్షకు పూర్వము విషయమంతయు వివరించి సమ్మతిపత్రము వ్రాయించుకొను ఆచారము ఇంకను ఏర్పడలేదు. అందువలన ఈ లోపమును రాస్ ఒక్కని తలపై మోపుట తగదు. కాని లోపము లోపమే.

రాస్ పరులనే అపాయమునకు గురిచేసినవాడు కాడు. 1897 వ సంవత్సరము వేసవిలో నీలగిరులలోని ఉదకమండలమునకు సెలవుపై పోయి, చలిజ్వరమునకు పేరుపడిన సీగూరు కనుమలో పరిశోధన చేయ దిగెను. దోమతెర కట్టుకొని, కిటికీలు మూసికొని పడుకొన్నను మూడు దినములలో అతనికే చలిజ్వరము పట్టెను. క్వినైను తిని కోలుకొని జూను నెలలో సికిందరాబాదు చేరెను.

ఆ యేడు ఎండలు మిక్కిలి తీవ్రముగా నుండెను. బేగంపేటలోని చిన్న సైనిక వైద్యశాలలో రాస్ ఉదయము మొదలు సాయంకాలము వరకు సూక్ష్మదర్శిని ముందు కూర్చుండెడివాడు. పంకా వేసినచో కోసిన దోమలు ఎగిరిపోవునని పంకా కూడ మానుకొనెను. నొసటినుండియు చేతులనుండియు కారు చెమటకు యంత్రపు మరలు తుప్పుపట్టెను. దాని కంటి అద్దము సైతము పగిలియుండెను. ఒక్కొక్క దోమకు గంటల కాలము పట్టుచుండెను. నూర్లకొలది దోమలను కోసినను ఫలితము శూన్యము.

ఆగస్టు నెల నడుమ అతని పరిజనులు తెచ్చిన సీసాలోని దోమపిల్లలనుండి రెక్కలపై మచ్చలుగల గోధుమవన్నె దోమలు కొన్ని పుట్టెను. నేడు అనాఫిలిస్ అని శాస్త్రజ్ఞులు పిలుచు జాతి అదియే. 16 వ తేదీన వానిని రక్తమందు జ్వరబీజములున్న హుస్సేన్ ఖాన్ పరుండిన దోమతెరలోనికి విడిచిరి. కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పబడెను. అతనికి ముట్టినది 10 అణాలు. రూపాయికి 16 అణాలు లెక్క. 1957 లో నయాపైసలు వచ్చిన తరువాతి లెక్కకు అది 62 పైసలన్నర.

ఆ దోమలను రాస్ ఒక్కొక్కటిగా కోసెను. మొదటివానిలో ఏమియు లేదు. 20 వ తేదీన మిగిలిన కొద్దిపాటి దోమలలో ఒకదానిని కోసి కడుపు గోడను పరిశీలింపగా, ఎన్నడును చూడని గుండ్రని కణములు కనబడెను. వానిలో నల్లని రేణువులుండెను. రోగి రక్తములోని జ్వరజీవియందు కనబడు రేణువులు అట్టివే! మరునాడు చివరి దోమను కోయగా ఆ కణములు మునుపటికన్న పెద్దవిగా నుండెను. అనగా ఆ జీవి దోమ కడుపులో పెరుగుచున్నదన్నమాట. ఆ రాత్రి రాస్ ఆనందము పట్టలేక ఒక పద్యము వ్రాసెను. ఈ సంగతి 1897 డిసెంబరు 18 వ తేదీన బ్రిటిష్ మెడికల్ జర్నల్ పత్రికలో ప్రకటింపబడెను. ఆగస్టు 20 వ తేదీని దోమల దినముగా ప్రపంచమంతట జరుపుట ఇందువలననే.

హుస్సేన్ ఖాన్ చేసిన పనిని సరిగా తూచవలెను. ఆ దోమలు సీసాలో పుట్టినవి. అంతకుముందు ఎవ్వరిని కుట్టినవి కావు. రోగము అతని రక్తములో ముందే యున్నది. కావున దోమకాటువలన అతనికి క్రొత్త రోగము వచ్చు భయము లేదు. ఆ దృష్టితో చూచిన లచ్మన్, అప్పయ్యలు పడిన అపాయమే ఎక్కువ. అయినను హుస్సేన్ ఖాన్ రక్తమే లేకున్న ఆ మచ్చల రెక్కల దోమలు వట్టి దోమలుగానే చచ్చియుండెడివి. రాస్ తెలివి, ఓర్పు ఎంతయున్నను అవి ఒంటరిగా ఫలింపవు.

ఆ ఆవిష్కరణ జరిగిన కొలది దినములకే రాస్‌ను రాజపుటానాలోని ఖేర్వారా అను మారుమూల స్థలమునకు బదిలీ చేసిరి. అచ్చట అతనికి చలిజ్వరపు రోగులు దొరకుట దుర్లభమయ్యెను. మ్యాన్సన్ చేసిన ప్రయత్నములచే 1898 తొలినాళ్ళలో కలకత్తాలో ప్రత్యేక పరిశోధనకు అవకాశము లభించెను. కాని అప్పుడు దేశమున ప్లేగు ప్రబలియుండెను. ప్లేగు సూదులనిన ప్రజలు హడలుచుండిరి. వ్రేలు పొడుతునన్నంతనే జనులు పారిపోయిరి. మనుష్యులు దొరకనందున రాస్ పక్షుల చలిజ్వరము వైపు మరలెను. మహమ్మదు బక్ష్ అను సహాయకుడు తోడుగా పిచ్చుకలను పట్టి, దోమలచే కుట్టించి పరీక్షించిరి. 1898 జూలై నెలలో జ్వరబీజములు దోమ కడుపునుండి దాని లాలాజల గ్రంథులలోనికి చేరుననియు, అది కుట్టినపుడు ఆ బీజములు క్రొత్త పిట్ట రక్తములోనికి దిగుననియు ఋజువయ్యెను. త్రాగునీటి ఊహ అంతటితో తొలగిపోయెను.

మనుష్యులలో దీనిని ఋజువు చేయు పని ఇతర దేశములలో నెరవేరెను. ఇటలీలో గ్రాసి, బిన్యామి, బాస్టియానెల్లి అను శాస్త్రజ్ఞులు 1898 చివర రోమునగరమందు అనాఫిలిస్ దోమ మనుష్యునికి చలిజ్వరమంటించునని చూపిరి. 1900 లో రోమునుండి జ్వరబీజములున్న దోమలను లండనునకు తెప్పించి మ్యాన్సన్ తన కుమారుని చేతనే కుట్టించెను. వైద్య విద్యార్థియైన ఆ యువకునికి చలిజ్వరము వచ్చి క్వినైనుతో తగ్గెను. అదే యేడు సాంబన్, లో అను వైద్యులు రోమునకు సమీపమున చలిజ్వరపు ప్రాంతమందు దోమలు దూరని గుడిసె కట్టుకొని జ్వరకాలమంతయు నివసించి క్షేమముగా నుండిరి. ఒకడు కుట్టించుకొని రోగియయ్యెను. ఇద్దరు కుట్టించుకొనక ఆరోగ్యముగా నుండిరి. ఈ రెండు సాక్ష్యములతో లోకము నమ్మినది.

ఆ సంవత్సరమే క్యూబా ద్వీపమున వాల్టర్ రీడ్ అను అమెరికా సైనిక వైద్యుడు పచ్చజ్వరముపై పరిశోధించెను. అతని సహచరుడగు లజియర్ ఆ జ్వరముతోనే 1900 సెప్టెంబరు 25 వ తేదీన మరణించెను. ఆ పిమ్మట రీడ్ పరీక్షకు వచ్చినవారితో వ్రాతపూర్వకమైన ఒడంబడిక చేసికొనెను. ప్రాణాపాయమున్నదని అందు స్పష్టముగా వ్రాయబడెను. స్పెయిను దేశస్థులకు వారి భాషలోనే ఆ పత్రము ఇయ్యబడెను. పాల్గొన్నందులకు 100 డాలర్ల బంగారము, రోగము వచ్చినచో మరి 100 డాలర్లు. మోరాన్, కిసింజర్ అను ఇద్దరు మాత్రము సొమ్ము వలదని వచ్చిరి. సికిందరాబాదులో అణాల లెక్క జరిగిన మూడేండ్లకే, విషయము చెప్పి సమ్మతి వ్రాయించుకొను పద్ధతి ఈ విధముగా రూపుదాల్చెను.

రాస్ 1899 లో ఇండియా విడిచి లివర్‌పూలులోని ఉష్ణమండల వైద్య విద్యాలయమందు అధ్యాపకుడయ్యెను. ఆ యేడే పశ్చిమ ఆఫ్రికాలోని సియర్రా లియోనుకును, తరువాత సూయజు కాలువపైనున్న ఇస్మాయిలియాకును, మారిషస్ దీవికిని పోయి నిలువనీరు తొలగించి దోమలను నిర్మూలించు విధానమును బోధించెను. 1902 లో వైద్యశాస్త్రమందు నోబెల్ బహుమానము ఆయనకు లభించెను. 1911 లో సర్ బిరుదము వచ్చెను. బాల్యమున ప్రేమించిన గణితము వృద్ధిలోనికి వచ్చి, దోమల సంఖ్య ఒక మేరకు తగ్గినచో చాలును, జ్వరము తనంతట తానే క్షీణించునని లెక్కలతో నిరూపించెను. అంటువ్యాధుల గణితమునకు ఆయన వేసిన పునాది నేటికిని నిలిచియున్నది.

గుణములతోబాటు దోషములును ఆయనకు కలవు. ఆవిష్కరణ కీర్తి ఎవరిదను విషయమున ఇటలీ పండితుడగు గ్రాసితో జీవితాంతము కలహించెను. తన శ్రమకు తగిన ప్రతిఫలమును ప్రభుత్వమియ్యలేదని బహిరంగముగా ఆక్షేపించెను. 1928 లో తన కాగితములను, ఉత్తరములను అమ్మకమునకు పెట్టగా హ్యూస్టన్ ప్రభ్వి యను ధనవంతురాలు 2,000 పౌనులకు కొనెను. పరిశోధకుని శ్రమకు వెల కట్టవలెనను ఆయన వాదము అన్యాయమైనది కాదు. అదే న్యాయమును రక్తమిచ్చినవారికి కూడ వర్తింపజేసిన మరింత శోభించును. 1927 జనవరిలో కలకత్తా వైద్యశాల వద్ద తన పేర నిర్మింపబడిన స్మారక ద్వారమును ఆయన స్వయముగా తెరచెను. 1932 సెప్టెంబరు 16 వ తేదీన లండనులో మరణించెను. బేగంపేటలో ఆయన పనిచేసిన కట్టడము నేటికిని కలదు. హైదరాబాదు నల్లకుంటలో జనులు కోరంటి ఆసుపత్రి యని పిలుచు జ్వరముల వైద్యశాలకు ఆయన పేరే పెట్టబడెను.

ఆయన పరిశోధన ఫలము మన దేశమునకు ఎంత దక్కినదో లెక్కలు చెప్పును. స్వాతంత్ర్యము వచ్చిన నాటికి భారతదేశమున ఏటా సుమారు 7 కోట్ల 50 లక్షల మంది చలిజ్వరముతో బాధపడుచుండిరనియు, 8 లక్షల మంది మరణించుచుండిరనియు అంచనా. 1953 లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ఆరంభమై ఇంటింట మందు చల్లుటచే 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు లక్షకు దిగెను. ఏమరుపాటు వలన 1976 లో మరల 64 లక్షలకు పెరిగి, పిమ్మట క్రమముగా తగ్గెను.

రోగులు తగ్గినను, రక్తమిచ్చువారి అవసరము తీరలేదు. ఏ క్రొత్త మందును మనుష్యునిపై పరీక్షింపక వాడుకలోనికి రాదు. 2020 లో కరోనా మహమ్మారి కాలమున హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్ టీకా తొలిదశ పరీక్షలో 375 మంది ఆరోగ్యవంతులు స్వచ్ఛందముగా పాల్గొనిరి. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ ఆ పరీక్షా కేంద్రములలో నొకటి. మూడవ దశలో సుమారు 25,800 మంది పాల్గొనిరి. వారి ధైర్యము వలననే తక్కినవారు టీకాను నమ్మి వేయించుకొనగలిగిరి.

ఇందుకు భిన్నమైన ఉదాహరణములును తెలుగుదేశముననే జరిగెను. 2009 లో ఖమ్మము జిల్లాలో సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖపు పుట్టకురుపును నివారించు టీకా ప్రయోగాత్మకముగా వేయబడెను. పెక్కుచోట్ల తల్లిదండ్రులకు మారుగా వసతిగృహముల అధికారులు సమ్మతిపత్రములపై సంతకములు చేసిరి. 2010 ఏప్రిలులో ఆ కార్యక్రమము నిలిపివేయబడెను. 2013 లో పార్లమెంటు స్థాయీ సంఘము దీనిని తీవ్రముగా గర్హించెను. ఆ టీకా అనేక దేశములలో వాడుకలోనున్నదే. దోషము సమ్మతి తీసికొన్న తీరులోనిది. 2011 లో అప్పటి గుంటూరు జిల్లా పిడుగురాళ్ళ ప్రాంతమునుండి పేద కూలి స్త్రీలు డబ్బుకై మందుల పరీక్షలకు పోయి అనారోగ్యము పాలైరని వార్తలు వెలువడి అలజడి రేగెను. పత్తి ఏరి, మిరపకాయలు కోసి బ్రతుకు ఆడుబిడ్డలకు ఆ సొమ్ము పెద్దదిగా కనబడుటలో వింత లేదు. ఒప్పుకొనునపుడు ఏ మందు తినుచున్నారో, ఎందుకో తెలియవలసినంత తెలియకపోవుటయే విచారకరము.

ఈ అనుభవముల పిదప నిబంధనలు గట్టిపడెను. 2009 నుండి ప్రతి ఔషధ పరీక్షయు జాతీయ పట్టికలో నమోదు కావలెను. 2019 నాటి కేంద్ర నియమముల ప్రకారము పరీక్షను నీతి సంఘము ముందుగా ఆమోదింపవలెను. పాల్గొనువానికి తెలిసిన భాషలో విషయము వివరించి సమ్మతి తీసికొనవలెను. ఆ పత్రపు ప్రతిని అతనికియ్యవలెను. ఎప్పుడు వలదనుకొన్న అప్పుడు కారణము చెప్పకయే విరమించుకొను స్వేచ్ఛ అతనికి కలదు. పరీక్షవలన హాని కలిగినచో ఉచిత వైద్యమును, నష్టపరిహారమును ఇయ్యవలెను. ఇవి దయాధర్మములు కావు; చట్టము ఇచ్చిన హక్కులు. ఎవరైన వచ్చి పరీక్షకు పిలిచినపుడు ఆ పత్రమును ఇంటికి తెచ్చి, చదువు వచ్చినవారిచేత చదివించుకొని, అడుగవలసినవి అడిగి, పిమ్మట ఔనన్నను కాదన్నను తప్పులేదు. చదువరాని ఇరుగుపొరుగువారికి అట్టి పత్రమును చదివి చెప్పుట గ్రంథాలయ పాఠకులు చేయదగిన సేవ.

పురాణ కథలను మరల తలచినచో ఒక విశేషము గోచరించును. దేవతలంతటివారు దధీచి ఆశ్రమమునకు వచ్చినపుడు తమకు కావలసినది ఏమో, అది దేనికో ఆయనకు విన్నవించిరి. విన్న పిమ్మటనే ఆయన ఇచ్చెను. జీమూతవాహనుడు వధ్యశిల యెక్కునపుడు గరుత్మంతుడు ఏమిచేయునో ఎరిగియే యెక్కెను. శిబి తన చేతనే త్రాసు పట్టెను. ఎరిగి ఇచ్చినందుననే అవి దానములైనవి. రక్తమడుగువారు విషయము చెప్పుట, ఇచ్చువారు తెలిసికొని ఇచ్చుట, ఈ రెండును కలిసినచో నేటి ఔషధ పరీక్షయు ఆ దానముల కోవలోనిదే యగును.

పొదిలి ప్రాంతమున నీటి ఎద్దడి క్రొత్త కాదు. దొరకిన నీటిని తొట్లలోను, గోలెములలోను, పీపాలలోను దాచుకొనక తప్పదు. డెంగీ జ్వరమును మోయు దోమ పుట్టునది అట్టి నిలువనీటిలోనే. వారమునకొకనాడు వానిని కడిగి ఎండబెట్టి, మూతలు వేసినచో రాస్ బెంగుళూరులో పీపా బోర్లించి నేర్చినది మన వాకిండ్లలో సార్థకమగును. ఏటేట ఆగస్టు 20 వ తేదీన పాఠశాల బాలురచే ఆ పని చేయించి, రాస్ కథతోబాటు హుస్సేన్ ఖాన్, అబ్దుల్ ఖాదర్, లచ్మన్, అప్పయ్యల పేర్లను కూడ వారికి చెప్పుట గ్రామమునకు శ్రేయస్కరము.